కబురు పంపినవారెవరు?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పత్రికలు, రేడియో, టీవీ, ఇప్పటి సెల్‌ఫోను వార్తల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. భోజనాలకు ముందు సమయం ఇచ్చారు కాబట్టి నేను ఎక్కువసేపు మాట్లాడతానన్న భయం మీకు అక్కరలేదు.

నేను తంతి విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. టెలిగ్రాం ఫారం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడుగున ఒక గడి ఉండేది. పంపేవారి సంతకం, పూర్తి చిరునామా అందులో రాయాలి. అవి తంతి మీద వెళ్లవు, వాటికి డబ్బూ పడదు. అయినా ఆ గడి ఖాళీగా ఉంటే కౌంటరులో ఫారం వెనక్కి ఇచ్చేసేవాళ్లం. “అమ్మకు సీరియస్, వెంటనే రా” అన్న కబురుకు మనిషి ఉన్నపళంగా రైలెక్కేస్తాడు. అలాంటి కబురు ఇచ్చింది ఎవరో ఆఫీసులో కాగితం మీద ఉండాలి గదా! 2013 జూలై 14తో ఆ సర్వీసు ముగిసింది. ఈ గడి మాటే ఇవాళ మీకు మనవి చేయాలని వచ్చాను.

పత్రికల్లోనూ ఆ గడి ఉంది. 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి పత్రికమీదా ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, అచ్చయిన చోటు, సంపాదకుని పేరు వేయాలి. చివరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉండే ఆ పంక్తిని మనమెవరం చదవం. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది చేశారు, 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక గానీ, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టి 1914లో మద్రాసునుంచి దినపత్రికగా తెచ్చిన ఆంధ్రపత్రిక గానీ, 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు నడిపిన గోలకొండ పత్రిక గానీ తమ పేరు చెప్పుకుని నిలబడ్డవే. రాసింది నచ్చనివాడికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలుసు.

ఆ రోజుల్లో పేపరు రైలు దిగి వచ్చేది. విశాఖపట్నం వాళ్లు పొద్దుటి పేపరు మధ్యాహ్నం చదువుకునేవారు. 1974 ఆగస్టు 10న ఈనాడు అక్కడే అచ్చవడం మొదలుపెట్టి తెల్లవారేసరికి గుమ్మంలో పడేసరికి జనానికి అలవాటే మారిపోయింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక మన వీధి కుళాయి కూడా వార్త అయింది. అచ్చయిందల్లా సత్యమని నేననను. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేశారన్న ఆరోపణలు మన రాష్ట్రంనుంచీ వెళ్లాయి. ప్రెస్ కౌన్సిల్ 2010లో దానిపై నివేదిక ఇచ్చింది. నిలదీయడానికి ఒక చిరునామా ఉంది కాబట్టే ఆ విచారణ సాధ్యమైంది.

రేడియో సంగతి ఇంకా ముచ్చటైనది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. హైదరాబాదులో అంతకుముందే దక్కన్ రేడియో ఉండేది. చదువు రానివాడికి కూడా వార్త అందించిన మొదటి సాధనం అది. పంచాయతీ ఆఫీసు అరుగుమీద కూర్చుని ధరవరలు, వానకబురు, ప్రాంతీయ వార్తలు విన్నవాళ్లు ఈ సభలో కనీసం సగంమంది ఉంటారు. వార్తలకు ముందు ఏ కేంద్రమో చెప్పి, చదివేవారు తమ పేరు చెప్పేవారు. ఆ పేర్లు మన బంధువుల పేర్లలా నోటికి వచ్చేవి. నటుడు జగ్గయ్యగారు ఢిల్లీనుంచి తెలుగు వార్తలు చదివినవారే. రేడియోకు లైసెన్సు ఉండేదనీ, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టేవాళ్లమనీ చెబితే మా మనవడు నమ్మడు.

టీవీ గురించి క్లుప్తంగా చెబుతాను, రోజూ చూస్తూనే ఉన్నారు గనుక. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్, 1982 ఏషియాడ్‌తో రంగులు, 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చాయి. తరువాత ఇరవైనాలుగు గంటల వార్తలు. ఇరవైనాలుగు గంటలకు సరిపడా వార్తలు లోకంలో ఉండవు కనుక అరుపులు మొదలయ్యాయని నా అభిప్రాయం. అయినా తెర మూల చానల్ గుర్తు ఉంటుంది.

ఇక ఫోను. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఇవాళ అది మన జేబులో ఉంది. దాన్ని తిట్టడానికి నేను రాలేదు. కరువు భత్యం ఉత్తర్వు ఢిల్లీలో వెలువడిన రోజే మనం చదువుతున్నాం. ఒకప్పుడు ఆ కాపీకోసం హెడ్డాఫీసు చుట్టూ తిరిగేవాళ్లం. 2014లో డిజిటల్ జీవన ప్రమాణ పత్రం వచ్చింది. మంచం దిగలేని పెద్దలు కూడా ఇంట్లోనే ముఖం చూపించి ఇచ్చుకోగలుగుతున్నారు. కానీ ఇందులో ఆ గడి లేదు. సందేశం మీ బావమరిది పేరుతో వస్తుంది, కానీ రాసింది ఆయన కాదు. ఆయనకు పంపినవారూ కాదు.

2025 నవంబరులో ఏమైందో మీకు తెలుసు. ఫైనాన్స్ చట్టం వల్ల రిటైరైన కేంద్ర ఉద్యోగులకు ఇక డీఏ పెరగదు, వేతన సంఘం వర్తించదు అని ఒక సందేశం ఊరంతా తిరిగింది. మన ఆఫీసు ఫోను రెండు రోజులు మోగుతూనే ఉంది. ఎనభై దాటిన ఒక అమ్మగారు, కుటుంబ పింఛనుమీద బతుకుతున్నావిడ, కళ్ల ఆపరేషను వద్దని కొడుకుతో చెప్పేశారట. ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ అది అబద్ధమని ప్రకటించింది. నిజానికి మారింది 2021 పింఛను నియమాల్లో 37వ నియమం. ప్రభుత్వరంగ సంస్థల్లో విలీనమై, అక్కడ దుష్ప్రవర్తన కింద డిస్మిస్ అయినవారి పదవీ విరమణ ప్రయోజనాలకు సంబంధించినది. మన సభ్యుల్లో అలాంటివారు ఒక్కరూ లేరు. అమ్మగారికి ఆ సంగతి చెప్పడానికి కోశాధికారిగారూ నేనూ స్వయంగా వెళ్లాం. ఉత్తర్వు చదివి వినిపించాక గాని ఆవిడ మంచినీళ్లు ముట్టలేదు.

సందేశం మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటివాటిని వాట్సాప్ 2020 నుంచి ఒక్కసారికి ఒక్కరికే పంపనిస్తోంది. కంపెనీకే అనుమానం ఉందన్నమాట!

అబద్ధం ఒకటైతే, దోపిడీ మరొకటి. పీపీఓ నంబరు, రిటైరైన తేదీ కూడా చెప్పి, “లైఫ్ సర్టిఫికెట్ సరిచేస్తాం, ఓటీపీ చెప్పండి” అంటారు. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనిపించి “డిజిటల్ అరెస్టు” అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోను పెట్టేసి, డబ్బు పోయి ఉంటే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి పిల్లలకు చెప్పకుండా దాచవద్దు. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన సంఘం వాట్సాప్ గ్రూపులో పింఛనుకు సంబంధించిన ఏ సందేశమైనా ఉత్తర్వు నంబరు, తేదీ, జారీచేసిన శాఖ, సరిచూసిన సభ్యుని పేరు లేకుండా ఉంచరాదు. ఆ నాలుగూ ఉన్నదాన్ని అచ్చుతీసి ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించాలి, ఫోను వాడనివారు చాలామంది ఉన్నారు. సరిచూసే పనికి ప్రతి మంగళవారం పది నుంచి పన్నెండు వరకు ఆఫీసులో కూర్చోవడానికి నేను సిద్ధం. ఇంకొకరు కావాలి. కంప్యూటరు తెలిసిన కోడళ్లు, అల్లుళ్లు వచ్చినా సంతోషమే. పేరు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర నన్ను కలవగలరు.