మొండితనమా, వ్యాధియా?
(మహాసభయందు చదివిన యుపన్యాసము)



నూలు ధరలను గూర్చియు, సహకార సంఘముల బాకీలను గూర్చియు, విద్యార్థి వసతిగృహమునకు వలయు ధనమును గూర్చియు పెద్దలు ప్రసంగించి యున్నారు. మాకు నియమింపబడిన విషయము వానికంటె చిన్నదిగా గన్పట్టవచ్చును. ఒక యింటిలో నొక బిడ్డ కలడు. వాడు కారణము తెలియకుండ నఱచును, తల గోడకు కొట్టుకొనును, తోడిపిల్లలను కఱచును, మగ్గముమీది పడుగును తెంపును, బడిలో నిలువడు, రాత్రి నిద్రింపడు. అట్టి బిడ్డకు కలిగినదేమి? దానిని తెలిసికొనుట యెట్లు? ఇదియే మా విషయము. పెండ్లిమాటలు నడచు చోటనే యీ సంగతి దాచబడుచున్నది. పెండ్లిమాటలు నడచు చోటు కులసభయే గనుక, దీనిని విప్పి మాటలాడుటకును ఈ సభయే తగినదని మేము తలంచుచున్నాము.

రోగకారణమును నిర్ణయించుటను మన వైద్యశాస్త్రము నిదానమనెను. మాధవకరుడు ఒక గ్రంథమంతయు దానికే వినియోగించెను. వాడుకలోనో, నిదానమనగా తొందరపాటు లేకుండుట. రెండర్థములును ఇచట సరిపోవును. మన యూళ్లలో జరుగునది దీనికి విరుద్ధము. ప్రవర్తన వికటించిన మొదటి వారముననే బిడ్డకు పేరుపెట్టుట ముగియును. అమ్మమ్మ గాలి సోకినదనును. మేనమామ, తల్లి గారాబమువలన చెడినాడనును. పంతులుగారు మొండివాడనును. పట్నమునుండి వచ్చిన చుట్టము చేతిఫోను చూచుటవలననే యని తీర్పు చెప్పును. నల్లగొండ ప్రాంతమున నింకొక మాట కలదు: అంతయు నీళ్లవలననే యని.

ఈ కడపటి మాటను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. మఱ్ఱిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతముల బావినీటిలోని ఫ్లోరైడు పండ్లను గారపట్టించి, ఎముకలను వంచినమాట లోకవిదితము. 1970వ దశకమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మన జిల్లా బాలుర మోకాళ్లు వంగిపోవుటను పరిశోధించి, ఫ్లోరైడుతో దానికి గల సంబంధమును ప్రకటించిరి. పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధిచేయు విధానమునకు నల్లగొండ పద్ధతియని పేరు నిలిచినది. ఆ నిర్ణయము పరీక్షవలన వచ్చినది గాని యూహవలన రాలేదు. నీటిని కొలిచిరి, ఎముకలకు ఛాయాపటములు తీసిరి. అట్టి జిల్లాలో నుండి, బిడ్డను ఏ వైద్యునికిని చూపకయే నీటిమీద నేరము మోపి యూరకుండుట న్యాయముగాదు.

ఒకే ప్రవర్తన వెనుక అనేక కారణములుండును. పలుకని, పిలిచిన తిరుగని, కోపముతో వస్తువులు విసరు బిడ్డకు వినికిడి లేకపోవచ్చును. చెవి వినబడనివానిని వినుమని కొట్టిన నేమి ఫలము? బిడ్డ నిద్రలో నుండగనే వినికిడిని తేల్చు బెరాయను పరీక్ష యున్నది. క్షణకాలము చూపు నిలిచిపోయి, మాట మధ్యలో తెగి, మరల నేమియు జరుగనట్లు కూర్చుండు బాలునికి అది పరధ్యానము గాక మూర్ఛలోని యొక విధము కావచ్చును. నేలబడి కొట్టుకొనినప్పుడే మూర్ఛయనుకొనుట పొరపాటు. బాగుగ చదువుచున్నవాడు క్రమముగ మందబుద్ధియై, తరువాత ఉలికిపాటు వంటి కుదుపులు వచ్చినచో, అది యెన్నియో యేండ్ల క్రిందట సోకిన తట్టు మెదడులో మిగిల్చిన వ్యాధి కావచ్చును. దానిని మాన్పు మందు లేదు. తట్టు టీకాయే దానికి రక్ష. కొందఱు పిల్లల మార్పునకు కారణము రోగమే కాదు, భయము: ఎవడో పెద్దవాడు చేసిన హింస. అట్టి బిడ్డను గట్టిగ నడిగిన చెప్పడు.

ఇక ఆటిజమను స్థితి. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను వర్ణించి దీనికి శాస్త్రమున స్థానము కల్పించెను. ఈ బిడ్డలకు ఎదుటివారితో కలియుట కష్టము. ఒకే పనిని మరల మరల చేయుదురు. అలవాటు తప్పినచో తల్లడిల్లుదురు. కొందఱికి మరమగ్గపు చప్పుడు శరీరమును కోసినట్లుండును. అట్టివాడు మగ్గముల సాలలో నఱచుట మొండితనమా? పాశ్చాత్యదేశములలో తల్లికి ప్రేమ తక్కువయగుటచే నిది కలుగునని పండితులే కొన్ని దశాబ్దములు నిందించి, తుదకు ఆ వాదమును విడిచిరి. అచట ప్రేమ తక్కువయనిరి, ఇచట గారాబమెక్కువ యనుచున్నారు. ఎటు చూచినను శిక్ష తల్లికే.

వైద్యులు చెప్పలేకపోయిన చోట తల్లి పట్టుదల యెంతపని చేయునో నార్వే దేశపు బోర్గ్నీ ఎగెలాండ్ కథవలన తెలియును. ఆమె బిడ్డలిరువురును పుట్టుకలో చక్కగనుండి, పిదప బుద్ధి వికసింపక నిలిచిపోయిరి. వారి మూత్రమునకు వింత వాసన యుండెను. ఆమె వైద్యునినుండి వైద్యునికి తిరిగినది. 1934లో అస్బియోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు మాత్రము ఆ మాటను త్రోసివేయక, ఆ మూత్రమును పరీక్షింపగా ఒక రసాయనముతో నది పచ్చబడెను. దేహము ఆహారములోని యొక పదార్థమును జీర్ణింపలేకపోవుటయే యా రోగమని తేలినది. ఆమె బిడ్డలకు చికిత్స దొరకలేదు. కాని యిరువదియేండ్లు తిరుగకముందే ఇంగ్లండులోని బర్మింగుహాములో షీలా యను పసిపిల్లకు, ఆ పదార్థము మిక్కిలి తగ్గించిన యాహారమిచ్చిరి. తల బాదుకొనుచు మూల్గుచుండిన యా పిల్ల తల బాదుకొనుట మాని ప్రాకసాగెను. అచటను తల్లియే మానక వైద్యుల నడుగుచు వచ్చినది. నేడు పుట్టిన దినములలోనే మడమనుండి తీసిన రక్తపుచుక్కతో ఈ రోగమును కనిపెట్టవచ్చును.

ఇట్టి రోగములలో మన సభవారు విశేషముగ నెఱుగవలసినది విల్సన్ వ్యాధి. 1912లో దీనిని వర్ణించిన వైద్యుని పేరిది. దేహము రాగిని వెలుపలికి పంపలేక కాలేయములోను మెదడులోను కూడబెట్టుకొనును. దాని నడక యిట్లుండును: పదియో పదునైదో యేండ్ల పిల్లవాని చేవ్రాత చెడును, చదువు తగ్గును, అకారణముగ కోపమో యేడ్పో వచ్చును, చేయి వణకును, మాట ముద్దయగును, చొంగ కారును. ఇంటివారు తాయెత్తులు కట్టుదురు. బడివారు నిర్లక్ష్యమందురు. నేత్రవైద్యుడు ప్రత్యేకయంత్రముతో చూచిన కనుగ్రుడ్డుచుట్టు రాగివలయము కానరావచ్చును. రక్తమును, ఒక దినపు మూత్రమును పరీక్షించిన సంగతి తేలును. 1956నుండి దీనికి మందు కలదు. ఆలస్యమైన మెదడు చెడును. తొలుతనే పట్టుకొనినచో, జీవితమంతయు మందు తీసికొనుచు పదిమందివలె బ్రతుకవచ్చును.

ఇందులోనే మన కుటుంబముల రహస్యమున్నది. ఈ వ్యాధి తల్లిదండ్రులిరువురినుండియు దోషము వచ్చిన బిడ్డకే కలుగును. మేనరికములలో, అక్కబిడ్డను చేసికొను పెండ్లిండ్లలో, అట్టి దోషములు రెండువైపులనుండి కలియుటకు అవకాశమెక్కువ. ఒక బిడ్డకున్నచో తోడబుట్టిన ప్రతివారికిని నాలుగింట నొకపాలు భయముండును. వారికి పైకేమియు కనబడకపోవచ్చును. అందుచేత అందఱిని పరీక్షింపవలెను. తమ్మునికిట్లున్నదని తెలిసిన అక్క పెండ్లి చెడునని మన యిండ్లలో తమ్ముని దాచుచున్నారు. దాచుటవలన ఎవరిని కాపాడ దలచిరో ఆ అక్కకే పరీక్ష తప్పిపోవుచున్నది. ఆమెకు వ్యాధి లేదని తేలిన చింత తీరును. ఒకవైపు దోషము మాత్రమే యున్నవారు రోగులు కారు. సంసారమునకు వారు తక్కువవారు కారు. వ్యాధియే యున్నదని తేలినచో, వణకు పుట్టకముందే మందు దొరకును. పెద్దమనుష్యులు సంబంధములు చూచునపుడు ఈ సంగతిని మదిలో నుంచుకొనవలెనని మా మనవి.

దేవాలయమునకో దర్గాకో పోవువారిని మేము పరిహసింపము. అలసిన తల్లికి అచట కొంత ఊరట దొరకును. కాని గొలుసును మాత్రమంగీకరింపలేము. 2001 ఆగస్టు 6న తమిళదేశమునందలి ఎర్వాడిలో నిప్పంటుకొనినపుడు గొలుసులతో బంధింపబడియుండిన రోగులు తప్పించుకొనలేకపోయిరి, ఇరువదియెనమండుగురు చనిపోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసుతో కట్టుటను నిషేధించినది.

ఎక్కడికి పోవలెను? 2013లో నారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ననుసరించి, అంగన్‌వాడీలకును ప్రభుత్వపు బడులకును వైద్యబృందములు వచ్చును. జిల్లాస్థాయిలో ఎదుగుదల లోపములను పరిశీలించు కేంద్రములను నెలకొల్పుట దాని యుద్దేశము. పాలమూరులోను, నల్లగొండలోను, సూర్యాపేటలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. బీబీనగరమున ఎయిమ్సు కలదు. బుద్ధివికాసమునకు సంబంధించినచో సికింద్రాబాదు మనోవికాస నగరమునందు 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ యున్నది. ఆటిజమును కొలుచుటకు నలువది యంశములుగల భారతీయ కొలమానమును సిద్ధపఱచినది ఆ సంస్థయే. ముందుగ నెవరితోనైన మాటలాడదలచినవారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. తెలుగున మాటలాడుదురు, రుసుము లేదు.

ఒట్టిచేతులతో పోరాదు. వైద్యుని గదిలో బిడ్డ శాంతముగ కూర్చుండును, ఇంటికి రాగానే మొదలిడును. తల్లి మాట నమ్మువారుండరు. కావున ఆ యావేశము వచ్చినపుడు చేతిఫోనుతో చిత్రము తీయుడు. ఒక చిన్న పుస్తకమున తేదియు, వేళయు, దానికి ముందేమి జరిగినదియు, ఎంతసేపున్నదియు వ్రాయుడు. పుట్టినపుడు వెంటనే యేడ్చెనా, ఎప్పుడు నడచెను, నేర్చిన మాటలు పోయినవా, దంపతులకు పూర్వమేమి బంధుత్వమున్నది, ఇవన్నియు చెప్పవలెను. భీవండికి, షోలాపురమునకు బ్రతుకుదెరువునకై పోవువారు పాత చీటీలను తప్పక వెంటనుంచుకొనవలెను. ఊరు మారినపుడెల్ల వైద్యము మొదటికి వచ్చుచున్నది. మూర్ఛమందును తమంతట తామాపరాదు. ఒకరు చెప్పిన పేరు బిడ్డ స్థితికి సరిపోలకున్న, మర్యాదగ రెండవవారి నడుగుట తప్పుగాదు. వికలాంగ ధ్రువపత్రము సహాయము పొందుటకు సాధనమే. 2016 నాటి చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించినది. అయినను పత్రము చేతికి వచ్చినంతమాత్రమున కారణమును వెదకుట ముగిసినట్లు కాదు.

పోషకులైన మహాశయులకొక మాట. పరీక్షలు ఒకనాటితో తెమలవు. గద్వాలనుండియో చండూరునుండియో వచ్చిన నేతవాడు నాలుగుదినములు మగ్గము దిగి, అఱచు బిడ్డతో పట్నములో నెక్కడ తలదాచుకొనును? అద్దెగదివారు రానీయరు. నిర్మింపదలచిన వసతిగృహమున క్రింది అంతస్తులో రెండు గదులు ఇట్టి కుటుంబములకై విడువవలెననియు, దారిఖర్చులకును, పోయిన కూలికిని కొంత నిధి ప్రత్యేకింపవలెననియు, దవాఖానలో చీటీలు చదివి తోడుండుటకు మన కళాశాలా విద్యార్థులను వంతులవారీగ నియమింపవలెననియు, బిడ్డ వ్యాధి కారణముగ నా యింటి సంబంధమును త్రోసిపుచ్చుట తగదని సభ ప్రకటింపవలెననియు ఒక తీర్మానమును వ్రాసితిమి. దాని ప్రతి కార్యదర్శిగారి యొద్ద నున్నది. మధ్యాహ్నపు సమావేశమున దానిని చర్చకు పెట్టవలసినదిగా అధ్యక్షులవారిని వేడుకొనుచున్నాము.