జీవవైద్యశాస్త్ర విద్యయు, మన విద్యార్థి సహాయనిధియు



బందరు పట్టణమున సమావేశమైన ఈ వార్షిక మహాసభలో విద్యావిషయమును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము శాస్త్రపండితులము కాము. సంఘపు విద్యార్థి సహాయనిధి ఉపసంఘమున చేరి, యేటేట వచ్చు దరఖాస్తులను చదివి, ఎవరికెంత యియ్యవలయునో నిర్ణయించు పనిలో నున్నవారము. అందుచేత ఒక దరఖాస్తు కథతోనే ప్రారంభించెదము.

కొన్నియేండ్ల క్రిందట దివిసీమలోని యొక గ్రామమునుండి ఒక బాలిక మనకు దరఖాస్తు పంపినది. తండ్రి కౌలురైతు. ఇంటర్మీడియేటులో బైపీసీ చదివి మంచి మార్కులు తెచ్చుకొన్నది గాని, వైద్యవిద్యా ప్రవేశపరీక్షలో స్థానము లభింపలేదు. లాంగ్‌టర్మ్ శిక్షణకు పోయి మఱల వ్రాయుమని బంధువులు చెప్పినారట. ఆమె వినక, ఢిల్లీలో బి.యస్సీ. బయోమెడికల్ సైన్సెస్ తరగతిలో చోటు సంపాదించుకొని, వసతిగృహపు ఖర్చులకు మాత్రము మన సహాయము కోరినది. ఆ కాగితమును మా ఉపసంఘము పది నిమిషములైనను చర్చింపలేదు. మన నిబంధనలలో వైద్యము, ఇంజనీరింగు, న్యాయము, వ్యవసాయము అని యున్నది. "ఇది వైద్యమేనా?" అని యొక సభ్యులడిగిరి. "కాదు, డాక్టరు సీటు రానివారు చదువుకొను చదువు" అని ప్రత్యుత్తరము వచ్చినది. ఆ ప్రత్యుత్తర మిచ్చినది మేమే. కాగితముమీద నిరాకరణ వ్రాసినదియు మా చేతితోనే. ఆ తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కూతురిని బండి యెక్కించెనని మాకు తరువాత తెలిసినది.

అటుపిమ్మట ఆ చదువు ఎట్టిదో తెలిసికొనవలెనని మాకు బుద్ధి పుట్టినది. తెలిసికొన్నంతవఱకు మీకు విన్నవించుచున్నాము.

బయోమెడికల్ సైన్సెస్ అను పేరును మన భాషలో జీవవైద్యశాస్త్రములని చెప్పుకొనవచ్చును. ఇది వైద్యయంత్రములను నిర్మించు బయోమెడికల్ ఇంజనీరింగు కాదు. మందుచీటి వ్రాయు అధికారమిచ్చు పట్టమును కాదు. శరీరము ఆరోగ్యముగా నున్నపుడు ఎట్లు నడచుచున్నది, రోగము ప్రవేశించినపుడు ఏ కణములో ఏ రసాయనచర్యలో లోపము కలిగినది, ఆ లోపమును కనిపెట్టు పరీక్ష యేది, సరిదిద్దు ద్రవ్యమేది అను విషయములను ప్రయోగశాలలో చేతితో చేయించి నేర్పు చదువు. మొదట కణశాస్త్రము, శరీరధర్మశాస్త్రము, రసాయనము, గణాంకశాస్త్రము. పిమ్మట జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము, రోగనిరోధశాస్త్రము, జన్యుశాస్త్రము, ఔషధశాస్త్రము, విషశాస్త్రము. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చేరిన ఆచార్య నరేంద్రదేవ్ కళాశాల మొదలగు కొన్నిచోట్ల ఈ పేరుతోనే పట్టము కలదు. మన ప్రాంతమున ఇవే విషయములు మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ అను వేఱువేఱు పేర్లతో బోధింపబడుచున్నవి. 2008లో ఈ బందరులోనే యేర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయమునందును జీవశాస్త్ర, జీవసాంకేతిక శాఖ యున్నది.

ఇంతకును మనవారు ఈ చదువును చిన్నచూపు చూచుటకు కారణమేమి? డాక్టరు అను మాటయందు మనకు గల మమకారమే. ఆ మమకారము తప్పని మేము చెప్పము. 2023లో బందరులో 150 స్థానములతో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైననాడు మనమందఱమును సంతోషించితిమి. కాని లెక్క చూడుడు. 2024లో దేశమంతటను సుమారు 23 లక్షలమంది నీట్ పరీక్ష వ్రాసినారు. వైద్యపట్టపు స్థానములు లక్షకు కొంచెము పైన. మిగిలిన యిరువదిరెండు లక్షలమందిని మన యిండ్లలో ఏమని పిలుచుచున్నాము? రెండవసారి, మూడవసారి, నాలుగవసారి పరీక్షకు పంపి, ఇరువదిరెండేండ్లు వచ్చువఱకు ఇంటర్మీడియేటు పుస్తకములనే వల్లెవేయించుచున్నాము. ఆ శిక్షణరుసుములకు పొలములు తనఖాపెట్టినవారు ఈ సభలోనే యున్నారు. వారిని నొప్పింపవలెనని మా యుద్దేశము కాదు.

మఱియొక సంగతి. కైకలూరు, గుడివాడ, నాగాయలంక ప్రాంతములలో చేపల, రొయ్యల చెరువులు గల సోదరులు ఇచ్చట పెక్కుమంది కూర్చున్నారు. వారు హేచరీనుండి రొయ్యపిల్లలను తెచ్చి చెరువులో వదలుటకు ముందు ఏమి చేయుదురు? పిల్లలను కొన్నింటిని ప్రయోగశాలకు పంపి, తెల్లమచ్చల వైరసు ఉన్నదో లేదో పీసీఆర్ పరీక్ష చేయింతురు. ఆ చీటీ వచ్చువఱకు లక్షల సొమ్ము నిలిచిపోవును. ఆ పరీక్ష చేసి సంతకముపెట్టు పిల్లవాడు ఎవరు? మైక్రోబయాలజీయో బయోటెక్నాలజీయో చదివినవాడు. 2020లో కరోనా వచ్చినపుడు మన ముక్కులలోనుండి తీసిన నమూనాలకు జరిగినదియు ఆ పీసీఆర్ పరీక్షయే. రొయ్యల విషయమున ఆ పిల్లవాని మాట వేదవాక్యము. మన యింటి పిల్ల ఆ చదువు చదివెదనన్నచో మాత్రము "సీటు రాలేదు పాప"మని జాలిపడుచున్నాము!

ఇక దివిసీమవారికి అనుభవములో నున్న విషయమునకు వచ్చెదము. 2018 ఆగస్టులో అవనిగడ్డ, మోపిదేవి ప్రాంతములలో పాముకాట్లు విపరీతముగా పెరిగి, నాట్లకు పోవు కూలీలు గట్టుమీద కాలు మోపుటకు భయపడిన సంగతి మీరెఱుగుదురు. ఆ నెలలోనే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామివారి సన్నిధిని సర్పశాంతి కొఱకు యాగము జరిగినది. భక్తి భక్తియే, దానికి మేమడ్డు చెప్పము. అయితే కాటుపడినవాడు ఆసుపత్రికి వచ్చిన తరువాత అతని ప్రాణము దేనిమీద ఆధారపడియున్నదో వినుడు.

రక్తపింజరి విషము రక్తము గడ్డకట్టుటకు కావలసిన ద్రవ్యములను ఒక్కుమ్మడిగా ఖర్చుచేసి హరించివేయును. దానిని కనుగొను పరీక్షకు పెద్దయంత్రము అక్కఱలేదు. రోగి రక్తమును కొద్దిగా శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి, ఇరువది నిమిషములు కదల్పక యుంచి, పిమ్మట వంచి చూచెదరు. రక్తము గడ్డకట్టక జారిపోయెనా, విషము లోపల పనిచేయుచున్నదని యర్థము. విషహారి సూది వెంటనే ఎక్కింపవలయును. ఇంత సులభమైన పరీక్షయు తప్పుటకు మార్గములున్నవి. గొట్టము గాజుది గాక ప్లాస్టికుది యైనను, సబ్బుతో కడిగి సబ్బుజిగురు మిగిలినను, నడుమ ఎవరైన కదల్చినను ఫలితము మాఱిపోవును. గాజే యెందులకు? గాజుతలము రక్తములోని గడ్డకట్టు చర్యను రేపును గనుక. ఈ "ఎందులకు" అను ప్రశ్నకు సమాధానము తెలిసినవాడు గొట్టమును మార్చడు. తెలియనివాడు చేతికి దొరికినదానిలో పోయును. కట్లపాము సంగతి మఱియు విపరీతము. రాత్రి నేలపై పండుకొన్నవానిని నొప్పి తెలియకుండ కఱచును. తెల్లవారునప్పటికి కనుఱెప్పలు వాలిపోవును, ఊపిరి తగ్గును. రక్తము మాత్రము చక్కగా గడ్డకట్టును. గాజుగొట్టమును చూచి భయములేదనుకొన్నచో ప్రాణము పోవును.

ఆ విషహారి సూది వచ్చు విధమును కూడ చెప్పవలయును. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమును కొలతప్రకారము గుఱ్ఱములకెక్కించి, వాని రక్తములో పుట్టిన ప్రతివిషమును శుద్ధిచేసి సీసాలలో నింపుదురు. ఈ విషములో అధికభాగము చెన్నపట్టణ సమీపమున ఇరుళులు 1978లో స్థాపించుకొన్న పాములవారి సహకారసంఘమునుండి చాలకాలము వచ్చినది. ఒకే జాతి పాము విషమైనను ప్రాంతమునుబట్టి భేదించునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అట్లయినచో తమిళదేశపు పింజరి విషముతో చేసిన సూది దివిసీమ పింజరి కాటునకు ఎంతవఱకు సరిపోవును? ఎన్ని సీసాలు పట్టును? ఇది కృష్ణ యొడ్డున పుట్టిన బిడ్డ అడుగదగిన ప్రశ్న. అడిగి, కొలిచి, సమాధానము చెప్పుటకు కావలసిన విద్య మన నిబంధనలలో లేని విద్యయే.

తెలుగువారిలో ఈ త్రోవ నడచిన మహాపురుషుడు లేడా యని యందురేమో. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చాలును. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.యం.యస్. పట్టముతో బయటపడినారని చెప్పుదురు. మన యుపసంఘము ముందుకు ఆ కాగితము వచ్చియున్నచో మేమేమి వ్రాసియుందుమో తలచుకొన్న సిగ్గగుచున్నది. ఆయన అమెరికాలోని హార్వర్డునకు పోవుటకు మామగారు సొమ్ము కూర్చిరి. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు సహాయము చేసెదమని హామీ యిచ్చిరి. ఒక ధర్మనిధి వారి హామీ! అక్కడ ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు చదివినారు.

ఆయన పేరు నిలిచినది రోగులకు మందుచీట్లు వ్రాసి కాదు. ఫిస్కె అను పండితునితో కూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినారు. గొట్టములో నీలిరంగు ఎంత చిక్కగా వచ్చిన భాస్వరము అంత. పిమ్మట కండరములకు శక్తినిచ్చు ఏటీపీ అను పదార్థమును వేఱుచేసినారు. అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా కనుగొనెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన తరువాత ఆయన బృందమువారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినారు. దానికి విరోధులగు ద్రవ్యములను చేసి బోస్టనులోని ఫార్బరు వైద్యునకియ్యగా, పిల్లల రక్తకాన్సరు తాత్కాలికముగానైన తగ్గునని 1948లో మొదటిసారి తెలిసినది. మన డెల్టాకు ఆయన చేసిన యుపకారము మఱియొకటి యున్నది. బోదకాలు జాడ్యము తెచ్చు పురుగులమీద పనిచేయు హెట్రజాన్, అనగా డీఈసీ మాత్ర, 1947లో ఆయన బృందమునుండియే వెలువడినది. ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి తెచ్చి, తమ యెదుటనే మ్రింగుడని మనచేత మ్రింగించిన మాత్ర అదియే. ఆ పురుగు రాత్రివేళలనే రక్తములోనికి వచ్చును గనుక రాత్రిపూట రక్తపుచుక్కలు తీసి గాజుపలకలమీద పరీక్షించు పని కూడ ప్రయోగశాలవారిదే. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో స్వర్గస్థులైనారు.

ఇటీవల మేము ఆ దివిసీమ బాలికతో ఫోనులో మాటలాడితిమి. సుబ్బారావుగారి భాస్వరపు పరీక్షను తన చేతితో చేసినానని చెప్పినది. నీలిరంగు మొదటిసారి సరిగా రాలేదట, గొట్టములు కడుగుటలో లోపమట. మూడవసారి వచ్చినదట. మమ్ము ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు.

ఇంత చెప్పి లోపములు దాచినచో మోసమగును. ఈ పట్టముతోనే జీవితము స్థిరపడదు. పైన రెండేండ్లు యం.యస్సీ., పరిశోధన కోరినచో మఱి నాలుగైదేండ్లు పట్టును. డిగ్రీ కాగానే ప్రైవేటు ప్రయోగశాలలో చేరిన పిల్లలకు వచ్చు జీతము తాపీమేస్త్రీ కూలికంటె తక్కువ యగుట మేము చూచితిమి. జాతీయ పరీక్షలో నెగ్గి పరిశోధనకు చేరినవారికి 2023నుండి నెలకు 37 వేల రూపాయల వేతనము కలదు గాని, అందఱును నెగ్గరు. ఇరువదియొకటవ యేటనే యిల్లు నిలుపవలసిన పిల్లవానికి ఈ మార్గము చెప్పకుడు. ఇక కళాశాల నెన్నుకొనుట. గోడమీది బొమ్మలుచూచి రుసుము కట్టకుడు. ప్రయోగశాల తలుపు తీయించుడు. విద్యార్థికొక మైక్రోస్కోపు దొరకునా? దానిపై దుమ్మున్నదా? పిల్లలు గాజుపలకకు తామే రంగు వేయుదురా, లేక ఆచార్యుడు వేయగా చుట్టునిలిచి చూతురా? ఇవి యడుగుటకు శాస్త్రము తెలియనక్కఱలేదు. వడ్లు కొనునపుడు గుప్పిట పట్టి చూచునట్టి చూపు చాలును. ఆడపిల్లను అంతకాలము చదివించిన పెండ్లి యెట్లని అడుగు తల్లులకు మేము సమాధానము చెప్పజాలము, వైద్యవిద్యకును అంతకాలమే పట్టునని మాత్రము జ్ఞాపకముచేసెదము.

రేపటి విషయనిర్ణయ సభలో మేము ప్రవేశపెట్టదలచిన తీర్మానము ఇది. నిధి నిబంధనలలో వైద్యము అను మాట తరువాత "జీవవైద్యశాస్త్రములు, తత్సంబంధ ప్రయోగశాలా విద్యలు" అని చేర్పవలయును. ఏటేట రెండు విద్యార్థివేతనములు ఈ విద్యకు ప్రత్యేకింపవలయును, అందొకటి బాలికకు. సొమ్ము పట్టము చేతికి వచ్చువఱకు నడువవలయును గాని మొదటియేటితో ఆగరాదు. మఱియు, మేము నిరాకరించిన దరఖాస్తునకు సంబంధించి ఆ తండ్రి నేటివఱకు చెల్లించిన వడ్డీని మొదటి పద్దుగా నిధినుండి చెల్లింపవలయును. ఇది దానము కాదు, బాకీ. కార్యవర్గమువారు సమ్మతింపనిచో ఆ మొత్తమును ఆనాటి యుపసంఘ సభ్యులము మేమే చందా వేసికొని చెల్లించెదము.

ఈ సంవత్సరము ఇట్టి దరఖాస్తులు రెండు వచ్చినవి. ఒకటి గుడివాడనుండి, రెండవది కోడూరునుండి. రెంటిని అధ్యక్షులవారి బల్లమీద నుంచితిమి. కళాశాలలో రుసుము చెల్లింపవలసిన గడువు ఈ నెలాఖరు. తీర్మానమును బలపఱచువారు రేపు ఉదయము ఎనిమిది గంటలకు విషయనిర్ణయ సభకు దయచేయవలసినదిగా ప్రార్థించుచున్నాము.