ఎండలో కొండదారి



కొమరోలులో పుట్టి పెరిగినవానికి ఎండనుగూర్చి యొకరు చెప్పవలయునా యని మీలో కొందఱు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడట్లే నవ్వినవాడను. పడమట నల్లమల, తూర్పున వెలికొండ, ఈ రెంటినడుమ నున్న మన మెట్టనేలలో ఎండకు వెఱచినవాడు సేద్యము చేయలేడు. కాని చేనిలోని యెండ వేఱు, కొండమీది యెండ వేఱు. చేనిలో నెత్తి మాడినయెడల గట్టున వేపచెట్టున్నది, బావిలో నీరున్నది, కేకవేసిన పలికెడు మనిషి యున్నాడు. కొండదారిలో ఈ మూడును ఉండవు. ఈ భేదమును నేను గ్రహించుటకు మా మేనల్లుని ప్రాణము కొసకు రావలసివచ్చినది. ఆ సంగతియే నేడు మీకు విన్నవింపబోవుచున్నాను.

శ్రీశైలమునకు మన ప్రాంతమునుండి బస్సులు పోవుచున్నవి. దోర్నాలమీదుగా కూర్చుండి పోయి కూర్చుండియే రావచ్చును. అయినను కాలినడకను పోయి మల్లన్నను చూచిననే చూచినట్లని తలచు వారింకను గలరు. మేము పదునొకండుగురము అట్టివారమే. గిద్దలూరు, దిగువమెట్టలమీదుగా కనుమదాటి నంద్యాల చేరి, ఆత్మకూరుకడ వెంకటాపురమున బండి దిగి, అక్కడినుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము దారిని నడచితిమి. ఇది పాతదారి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు చెన్నపట్టణమున బయలుదేరి, త్రోవలో శ్రీశైలమును సేవించుటకు ఈ దారినే వచ్చిరి. ఆయనవెంట పల్లకి బోయీలుండిరి. మాకు మా కాళ్లే బోయీలు. శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించిన పుణ్యము పదునాలుగవ శతాబ్దిలో అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డికి దక్కినది. ఉగాదికి కన్నడదేశమునుండి వేలకొలది జనులు భ్రమరాంబను తమ యింటి యాడపడుచుగా నెంచి, చీరయు సారెయు మోసికొని ఈ కొండలనే దాటి వత్తురు. ఇప్పుడీ యడవి పెద్దపులుల రక్షితారణ్యము. శివరాత్రికిని ఉగాదికిని తప్ప సాధారణముగా నడకకు అనుమతి లేదు.

ఇందులో ఒక చిక్కున్నది. నల్లమలను శ్రావణమున చూచినవారు అది చీకటికోనయని చెప్పుదురు. ఫాల్గుణమునాటికి అదే యడవి ఆకురాల్చి అస్థిపంజరమువలె నిలుచును. టేకు, నల్లమద్ది, నారేపి, అన్నియు మోడులే. చెట్లు లక్షలుండును, నీడ గొడుగంతయు నుండదు. క్రింద పలకరాయి, గట్టిరాయి. మార్కాపురపు పలకను ఎండలో ఒక గడియ పెట్టి చేయి మోపి చూచినవారికి ఆ కొండనడుగు ఎట్లుండునో నేను చెప్పనక్కఱలేదు. పైనుండి సూర్యుడు, క్రిందనుండి రాయి, రెండువైపుల కాచుచుండగా నడుమ మనిషి రొట్టెవలె మాడును.

ఉగాదికి ముందటి రాత్రి పెచ్చెరువుకడ పండుకొంటిమి. నలుగురిలో పెద్దవాడనని పెత్తనము నాకప్పగించిరి. వేగుచుక్క పొడిచినప్పుడే కదలవలసినది. అన్నము వండుకొని తిని పోదమని కొందఱనిరి, నేను సరేయంటిని. కట్టెలు, పొయ్యి, వంట, గిన్నెలు కడుగుట, ఇన్నియు ముగియునప్పటికి ఎనిమిది గంటలు దాటెను. అక్కడి గూడెపు చెంచుపెద్ద యొకడు వచ్చి మా మూటలను, మా నీళ్ల సీసాలను చూచి, "ఈ పొద్దుకు ఆగండి సామీ. రేపు చుక్కపొద్దున పోండి. ఎండ నెత్తికొచ్చినంక ఆ కొండమీద పనిలేదు" అనెను. ఆనాటి సాయంకాలము రథోత్సవము. దానిని చూడకపోయినచో ఇంతదూరము వచ్చిన ఫలమేమని నాకు తోచెను. అంతతో ఆగక, నీళ్లబరువెందుకు, భీమునికొలనులో కావలసినంత నీరున్నది గదా యని మనిషికొక్క సీసా చాలుననియు చెప్పితిని. నాకంటె చిన్నవారెవ్వరును ఎదురాడలేదు. పెత్తనములోని కీడంతయు ఇందే యున్నది.

కన్నడ యాత్రికులు ముందటి దినములలోనే దాటిపోయిరి. దారిలో ఒక చలివేంద్రపు పందిరి కనబడగా ఆశతో పోయితిమి, కుండలు బోర్లించియుండెను. వారి తప్పేమియు లేదు, జనము పోయిరి గనుక ఎత్తివేసిరి. పదకొండు గంటలకే సీసాలు సగమునకు వచ్చెను.

మా మేనల్లునికి నలువదేండ్లు. మా అందఱిలో గట్టివాడు. గట్టివాడు గనుకనే ఆడవారి మూటలు రెండు తన మూటతో కలిపి మోయుచుండెను. తన నీరు పిల్లలకు పోసెను. ఉదయము హాస్యములాడుచు నడచినవాడు పదిగంటలకు మాటలాడుట మానెను. అలసట యనుకొంటిని. తరువాత ఊరక విసుగుకొనెను. ఆకలి యనుకొంటిని. మధ్యాహ్నమునకు దారివిడిచి మోడులలోనికి నడువసాగెను. మా పెద్దమ్మ, డెబ్బదియేండ్ల వితంతువు, వెనుకకు పిలువగా వాడు తిరిగి, "పోవే ముసల్దానా, ఎవరే నువ్వు?" అనెను. నాకు కోపము వచ్చి చేయి యెత్తితిని. పెద్దమ్మ నా చేయి పట్టుకొని, "వాన్ని కొట్టగాకు నాయనా. వాడు నన్ను ఎన్నడన్నా ఏమే అన్నాడా? వానికి తల చెడింది. ఎండ తలకెక్కింది" అనెను. ఆమె మాట ముగియకముందే వాడు మోకాళ్లమీద కూలెను.

ఒడలు పొయ్యిమీది పెనమువలె నుండెను. నావద్ద, పిల్లలవద్ద కలిపి మూడు సీసాల నీరు మిగిలియుండెను. కొలను ఇంక ఎంతదూరమో నిశ్చయముగా నెవ్వరికిని తెలియదు. చేతిఫోనులు ఆ లోయలలో పలుకవు. నేను వాని నోటిలో నీరు పోయబోగా పెద్దమ్మ మరల అడ్డుకొనెను. "మింగలేడు, గొంతుకు అడ్డంబడతాది. పైన పొయ్యండి. తలకు, మెడకు, చంకలకు పొయ్యండి." మూడు సీసాల నీరు! చుట్టు పదిమంది నాలుకలు పిడచకట్టి నిలుచున్నారు. అందులో ఇద్దఱు పదునైదేండ్లలోపు పిల్లలు. త్రాగుటకు లేని నీటిని మంటిపాలు చేయుమని ఆమె యనుచున్నది. నేను ఎంతసేపు సందేహించితినో చెప్పలేను. క్షణమే కావచ్చును. కాని ఆ క్షణమున నా మేనల్లునికిని ఆ పిల్లలకును నడుమ నేను లెక్కవేసిన మాట నిజము. ఆ పిల్లలలో పెద్దది తన సీసా మూత తానే తీసి వాని రొమ్ముమీద పోసెను. ఆపై ఎవ్వరును నన్నడుగలేదు.

చొక్కా విప్పి, పంచె తడిపి కప్పి, రెండు దుప్పట్లు నీడగా పట్టి, ఉత్తరీయములతో విసరితిమి. ఇద్దఱు పడుచువారు ఖాళీసీసాలు మూటగట్టుకొని కొలనుకు దిగిపోయిరి. తడి యారుచుండగా విసరుట, విసరుచుండగా తడి యారుట. ఇది మన పల్లెలలో కుండకు తడిగుడ్డ చుట్టి నీరు చల్లార్చుపనియే. మన చెమటయు ఆ పనియే చేయును. ఎక్కుడుదారిలో బరువుమోయు మనిషి దేహము తనంతట తానే పొయ్యివలె వేడి పుట్టించును. చెమట ఆరి ఆ వేడిని కొనిపోవును. నీరు తఱిగి చెమట చాలనప్పుడు, లేదా చెమటను మించి వేడి పుట్టునప్పుడు, దేహపు వేడి 40 డిగ్రీలు దాటి మెదడును తాకును. అప్పుడు మనిషి అలసినట్లుండడు, మాఱినట్లుండును. మెత్తనివాడు తిట్టును, తెలివైనవాడు దారితప్పును. నడచువారిలో ఎవడేని తన స్వభావమునకు విరుద్ధముగా మాటలాడిన, కోపింపక నిలువుడని వైద్యులు తరువాత నాకు చెప్పిరి. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ అను మహాలోయలో పనిచేయు రక్షకులును, వేసవిలో పదిగంటలనుండి నాలుగుగంటలవరకు ఎండలో నడువవలదని యాత్రికులకు చెప్పుదురట. పెచ్చెరువు చెంచుపెద్ద చెప్పినదియు అదియే; అతడు దానిని అచ్చువేయింపలేదు గనుక నేను లెక్కచేయలేదు.

పడుచువారు తిరిగివచ్చుటకు గంటకు పైగా పట్టెను. ఆ గంటలో పిల్లలు ఏడ్వలేదు. ఏడ్చుటకు తడి లేదేమో. వచ్చిన నీటిలో ముందు పిల్లలకు, తరువాత మరల వాని యొడలికి. ఎండ వ్రాలునప్పటికి వాడు కన్నుదెఱచి పెద్దమ్మను గుర్తుపట్టెను. అప్పుడు గుటకగుటకగా ఉప్పు, చక్కెర కలిపిన నీరిచ్చితిమి. పెద్దమ్మ కొంగుముడిలో ఉప్పుకల్లు తెచ్చుకొనియుండెను. ఎందుకని నేను పెచ్చెరువుకడ నవ్వితిని.

రెండు కఱ్ఱలకు దుప్పటి కట్టి డోలిచేసి కొలనుకు దింపితిమి. అక్కడ వెనుకబడిన యాత్రికులు కొందఱు, భాష సరిగా తెలియని కన్నడిగులు, ఏమియు అడుగకయే డోలికి భుజమిచ్చిరి. ఉగాదినాటి రాత్రి గదా, చంద్రుడు లేడు. చేతిదీపముల వెలుతురున ఆ మెట్లెక్కి కైలాసద్వారము చేరి, శ్రీశైలమున వైద్యుని వాకిలి తట్టునప్పటికి అర్ధరాత్రి దాటెను. వాని చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించుచు ఆ వైద్యుడు, "ఆ నీళ్లు నోట్లో పోసుంటే ఊపిరితిత్తుల్లోకి పోయుండేవి. పైన పొయ్యమని ఎవరు చెప్పినారు?" అని అడిగెను. నేను పెద్దమ్మను చూపితిని. ఆమె అప్పటికే గోడకానుకొని నిదురించుచుండెను.

రెండు దినములు వానిని అక్కడ ఉంచిరి. మూత్రపిండములకు హాని కలిగినదేమోయని మరల మరల పరీక్షించిరి. కలుగలేదు. రథము మఱునాడు కనబడెను, నిలిచిపోయినది, పగ్గములు నేలబడియుండెను. పెద్దమ్మ ఒక పగ్గపుకొసను కన్నుల కద్దుకొని, ఇదే చాలుననెను.

మఱుసటి యేడు మరల బయలుదేరితిమి. మేనల్లుడు రానని యనుకొంటిని. వాడే ముందు మూట గట్టెను. ఈసారి తెల్లవారుజామున మూడుగంటలకే పెచ్చెరువు విడుచుటకు సిద్ధమైతిమి. చెంచుపెద్ద దీపము పట్టుకొని వచ్చి, మనిషికి మూడు సీసాలున్నవో లేవో ఒక్కొక్కరి మూట తడివి లెక్కించి, నాకు రెండే యుండగా తనయింటికి పోయి మూడవది తెచ్చి నా మూటలో దూర్చి, ఆపై దారి విడిచెను.