స్నోబోర్డర్‌ని ఫొటో తీయాలంటే: "ఇంకొక్కసారి" అనే ముందు చూడాల్సింది

ఈ ఎపిసోడ్ గుల్మార్గ్ గురించి. హనీమూన్ ప్యాకేజీ వ్లాగ్ మాత్రం కాదు! స్నోబోర్డింగ్‌ని ఫొటో తీయడం నేర్పే రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాను. స్లైడ్స్ తక్కువ, మంచులో మోకాళ్ల మీద కూర్చోవడం ఎక్కువ. నేర్చుకున్నవాటిలో నాలుగు విషయాలు చెప్తాను. మూడు కెమెరావి. నాలుగోది మనిషిది. దాని కోసమే ఈ వీడియో చేస్తున్నా.

ముందు ప్లేస్ చెప్తాను. గుల్మార్గ్ శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. అక్కడి నుంచి గొండోలా, అంటే కేబుల్ కారు, రెండు ఫేజుల్లో పైకి వెళ్తుంది. ఫేజ్ 1 కాంగ్‌డూరి దాకా, ఫేజ్ 2 అఫర్వత్ కొండ మీదికి. మమ్మల్ని ఫేజ్ 2కి తీసుకెళ్లలేదు. 2023లో, 2024లో ఫిబ్రవరి నెలల్లోనే అఫర్వత్ వైపు మంచు చరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు చనిపోయారు. కొత్తవాళ్లు కెమెరా పట్టుకుని తిరగాల్సిన చోటు కాదది. మా ప్రాక్టీస్ అంతా కిందే, చదును చేసిన వాలు మీద.

ఒకటి, మంచు రంగు. మీరు తీసిన మంచు ఫొటో మబ్బుపట్టినట్టు, బూడిద రంగులో వచ్చిందా? తప్పు ఫోన్‌ది కాదు. ఎదురుగా ఏమున్నా అది సగటు గ్రే రంగులో ఉందనుకుని కెమెరా మీటరు వెలుగు లెక్కేస్తుంది. ఫ్రేమంతా తెలుపే ఉంటే, "వెలుగు మరీ ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 నుంచి +1.7 దాకా పెంచమన్నారు. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద నొక్కి పట్టుకుని లాక్ చేయండి, సూర్యుడి బొమ్మను పైకి జరపండి. మంచు తెల్లగా కనిపించాలి, కానీ దాని మీది గీతలు చెరిగిపోకూడదు. ఈ గీతల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండు, ఎక్కడ నిలబడాలి. దీనికి మనకి క్రికెట్ చాలు. రైట్ హ్యాండ్ బ్యాటర్ ఎడమ భుజం బౌలర్ వైపు పెట్టి నిలబడతాడు కదా? పాయింట్‌లో ఉన్నవాడికి అతని ముఖం కనిపిస్తుంది, స్క్వేర్ లెగ్‌లో ఉన్నవాడికి వీపు కనిపిస్తుంది. స్నోబోర్డ్ మీద కూడా అంతే. ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లని రెగ్యులర్ అంటారు, కుడి కాలు ముందు పెట్టేవాళ్లని గూఫీ అంటారు. రెగ్యులర్ రైడర్ ముఖం కావాలంటే అతను వచ్చే దారికి అతని కుడి పక్కన ఉండాలి. గూఫీకి ఎడమ పక్కన. కాబట్టి మొదటి ప్రశ్న లెన్స్ గురించి కాదు, "భయ్యా, ఏ కాలు ముందు?" అని.

మూడు, ఏం తీయాలి. గాల్లో ఉన్న మనిషిని మాత్రమే దగ్గరగా తీస్తే, ఎంత ఎత్తు ఎగిరాడో చూసేవాళ్లకి తెలీదు. ఎగిరిన చోటు, దిగే చోటు రెండూ ఫ్రేమ్‌లో ఉండాలి. ఎగరడానికి మంచుతో కట్టే దిబ్బని కిక్కర్ అంటారు. దాని అంచు మీద ముందే ఫోకస్ పెట్టుకోవాలి. షట్టర్ 1/1000 లేదా అంతకంటే వేగంగా ఉండాలి. బర్స్ట్ మోడ్ ఆన్ చేసుకోవాలి. వాలు నిటారుగా కనిపించాలని కెమెరాని వంచితే చెట్లు పట్టిచ్చేస్తాయి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, అందుకే స్పేర్‌ది లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. రూమ్‌లోకి వెళ్లే ముందు కెమెరాని కవర్‌లో పెట్టి మూసేయండి. లేదంటే లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది.

ఇప్పుడు నాలుగోది. కిక్కర్ పైన ఉన్న రైడర్‌కి దిగే చోటు కనిపించదు, దిబ్బ అడ్డం. కింద ఉన్న మనకి కనిపిస్తుంది. అంటే ఆ నిమిషంలో అతని కళ్లు మనమే. మా రూల్ ఇది: చెయ్యి పైకెత్తితే రా, రెండు చేతులూ అడ్డంగా పెడితే ఆగు. ఎవరూ చెయ్యి ఎత్తకపోతే ఆగినట్టే.

రెండో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. అప్పటికి అతను పదిసార్లకి పైగా ఎగిరాడు. బోర్డు అంచుని చేత్తో పట్టుకునే గ్రాబ్ ఫొటో నాకింకా దొరకలేదు. మాలో ఒకరు "ఇంకొక్కసారి" అన్నారు. రైడర్ కూడా "కోయీ బాత్ నహీ" అంటూ బోర్డు ఎత్తుకున్నాడు. ఇన్‌స్ట్రక్టర్ వద్దన్నారు. ఎందుకని అడిగితే, నా కెమెరా స్క్రీన్ చూపించి, "మంచు మీద గీతలేవీ?" అన్నారు.

చూశాను. లేవు. మొత్తం తెల్ల కాగితంలా ఉంది. ఎక్స్‌పోజర్ కరెక్టే. మబ్బు వల్ల వెలుగు అన్ని వైపుల నుంచీ సమంగా పడుతోంది. నీడలు లేవు. నీడ లేకపోతే గుంతేదో, గడ్డేదో తెలీదు. దీన్నే ఫ్లాట్ లైట్ అంటారు. కెమెరాకి కనిపించనిది అతని కళ్లకీ కనిపించదు. పైగా అన్నిసార్లు దూకిన మోకాళ్లు అవి. అలాంటప్పుడు అతను "పర్లేదు" అన్నాడు కదా అని మనం చెయ్యి ఎత్తకూడదు. ఎదురుగా కెమెరాలు ఉంటే ఎవరైనా పర్లేదనే అంటారు.

గ్రాబ్ ఫొటో లేకుండానే హైదరాబాద్ వచ్చేశాను. బాధ ఉందా? ఉంది, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లాం కదా. కానీ ఆ అబ్బాయికి అది సీజన్. కాలు విరిగితే పోయేది ఫొటో కాదు, ఆ చలికాలం సంపాదన.

మనలో మంచు దాకా వెళ్లేది కొంతమందే. జలపాతం దగ్గర రాయి మీంచి దూకే ఫ్రెండ్‌ని, ఘాట్ రోడ్డు మలుపులో బైక్ వంచే తమ్ముడిని రీల్ తీసేది మాత్రం చాలామందిమి. "రా ఇంకో టేక్" అనేది మనమే. అనే ముందు రెండు చూడండి: వాడు దిగే చోటు మీకు కనిపిస్తోందా? వాడికి కనిపిస్తోందా? ఒక్కటి కాదనిపించినా ఫోన్ జేబులో పెట్టేయండి.

మీరెప్పుడైనా అలా టేక్ ఆపేశారా? కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.