తోక తెగిన చోట



ఏ మాస్టారి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆయన దగ్గరే నేను జంతుశాస్త్రం చదువుకున్నాను. ఒకరోజు ఆయన ఫార్మలిన్ సీసాలోంచి ఒక బల్లిని తీసి ట్రేలో పెట్టారు. తోక సగం దాకా ఒక రంగు, అక్కడి నుంచి మరో రంగు. మధ్యన దారం కట్టినట్టు ఒక గీత. "ఇది ఊడి, మళ్లీ మొలిచిన తోక" అంటూ బ్లేడుతో నిలువుగా కోశారు. పాత భాగంలో వెన్నుపూసలు వరసగా ఉన్నాయి. కొత్త భాగంలో ఒక్క పూస లేదు, మృదులాస్థి గొట్టం తప్ప. "తెగిన చోటి కణాలకు తోక కట్టమని ఎవరు చెప్పారు? చెప్పినవాళ్లు పూసల సంగతి ఎందుకు మరిచారు?" అని అడిగారు. ఇంతలో గంట కొట్టారు. ఆయన జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు.

మా రోజుల్లో కణానికి ముందుకే దారి, వెనక్కి లేదని నమ్మేవారు. కండరమైనది కండరమే, చర్మమైనది చర్మమే. నిజానికి ఆ నమ్మకాన్ని 1962లోనే జాన్ గర్డన్ కదిలించారు. కప్ప గుడ్డులోని కేంద్రకాన్ని పనికిరాకుండా చేసి, తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని అందులో పెట్టారు. కొన్ని గుడ్లలోంచి ఈదే తోకకప్పలు వచ్చాయి. అంటే పేగు కణంలోనూ మొత్తం కప్పకు కావలసిన జన్యువులు భద్రంగా ఉన్నాయి. అక్కర్లేనివి నోరు మూసుకున్నాయి, అంతే. 2006లో క్యోటోలో షిన్యా యమనాక, కజుతోషి తకహాషి అసలు గుడ్డే అక్కర్లేదని చూపించారు. 24 జన్యువులతో మొదలుపెట్టి, వడగట్టి నాలుగింటికి తెచ్చారు. ఆ నాలుగూ ఎక్కించాక ఎలుక తోక చివరి కణాలు కొన్ని పిండకణాల్లాంటి స్థితికి చేరాయి. దీన్నే రీప్రోగ్రామింగ్ అంటున్నాం. గర్డన్, యమనాకలకు 2012లో నోబెల్ వచ్చింది.

మరి అవయవాన్ని మొలిపించుకునే జంతువులూ అంత దూరం వెనక్కి వెళ్తాయా? వెళ్లవు. ఆక్సలాటల్ అనే మెక్సికో సాలమాండర్ కాలు తెగితే, తెగిన చోట కణాల మొగ్గ ఒకటి కడుతుంది. అందులోని కణాలన్నీ ఏమైనా కాగల మూలకణాలేనని చాలాకాలం అనుకున్నారు. ఎల్లీ తనాకా బృందం ఒక్కో రకం కణానికి వెలిగే గుర్తు పెట్టి వెంబడించింది. 2009లో తేలిందేమిటంటే, కండరం నుంచి వచ్చిన కణం కండరాన్నే కట్టింది. కణం తన వయసును మరిచింది కానీ ఇంటిపేరును మరవలేదు.

మన గంగా పరీవాహక ప్రాంతపు వాగుల్లో తిరిగే చారల చేప జీబ్రాఫిష్‌ది మరో ముచ్చట. గుండె జఠరికలో ఐదో వంతు కోసేసినా సుమారు రెండు నెలల్లో పూడ్చుకుంటుందని 2002లో చూశారు. ఆ పని చేసేది అప్పటిదాకా కొట్టుకుంటున్న గుండె కణాలే. సంకోచించే పోగుల్ని సడలించుకుంటాయి, చీలి రెండవుతాయి, మళ్లీ పోగులు బిగించి పనిలో చేరతాయి. మనకైతే గుండెపోటు తర్వాత అక్కడ మచ్చే మిగులుతుంది.

ఆ చేప విద్యను ఎలుకకు నేర్పగలమా? జర్మనీలో థామస్ బ్రౌన్ బృందం యమనాక నాలుగు జన్యువుల్ని ఎదిగిన ఎలుక గుండె కణాల్లో కొద్దికాలం మేల్కొలిపింది. కణాలు గర్భస్థ దశకు జారి, విభజన చెంది, గుండెపోటు నష్టాన్ని తగ్గించాయి. 2021లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అవే జన్యువుల్ని ఎక్కువ రోజులు నడిపిస్తే గుండెలో కణితులు పుట్టాయి. మందూ అదే, విషమూ అదే. తేడా గడువులో ఉంది.

ఇక మాస్టారి ప్రశ్న. బల్లి కొత్త తోకలోని వెన్నుపాము వీపు వైపు, పొట్ట వైపు అనే తేడా మరిచి, చుట్టూ మృదులాస్థి కట్టమన్న సంకేతమే పంపుతుంది. అందుకే పూసలకు బదులు గొట్టం. కణాలు వెనక్కి అడుగు వేయగలిగాయి. తిరిగి పూర్తిగా ముందుకు రావడానికి కావలసిన కబురు వాటికి అందలేదు.

కాబట్టి కణాన్ని వెనక్కి నడిపించడం ఒక్కటే విద్య కాదు. ఎక్కడ ఆపాలో, ఎలా తిరిగి తీసుకురావాలో తెలియడమే విద్య. రేపు ఎవరైనా మీ వయసును వెనక్కి తిప్పుతామని ప్రకటన వేస్తే, ఎక్కడ ఆపుతారో అడగండి. సరైన జవాబు వచ్చేదాకా డబ్బు తీయకండి.