గురక మీద ఎనిమిది ప్రశ్నలు

ఈ రోజు ముచ్చట గురక గురించి. నవ్వకండి, ఇది మా ఇంట్లో జరిగిందే.

మా బాపు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతడు. జైపూర్‌లో మా ఇంటి వాకిట్లోకి కూడా ఆయన గురక వినిపిస్తది. నైట్ షిఫ్ట్ చేసినోళ్లకు మామూలే అనుకున్నాం. ఒక రోజు అమ్మ అన్నది: "గురక కాదురా, మధ్యల ఊపిరి ఆగుతున్నది. నేనే తట్టి లేపుతున్న."

వెతికితే స్టాప్-బ్యాంగ్ అనే ప్రశ్నావళి దొరికింది. 2008లో టొరంటోలో మత్తు డాక్టర్ ఫ్రాన్సిస్ చుంగ్ బృందం తయారుచేసింది. గురక గట్టిగా వస్తదా? పగలు అలసటగా ఉంటదా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ లావుగా, అంటే సుమారు 40 సెంటీమీటర్లు దాటి ఉందా? మగవారా? ప్రతి 'అవును'కు ఒక మార్కు. 2 వరకు రిస్కు తక్కువ, 3-4 మధ్యస్థం, 5 నుంచి ఎక్కువ.

బాపు సొంతంగా నింపితే 3 వచ్చింది. అమ్మ పక్కన కూర్చొని నింపిస్తే 6! ఎందుకు దాచినవ్ బాపూ అంటే, "డంపర్ మీదికెళ్లి దించేస్తే?" అన్నడు. అసలు సమస్య ఇదే. ఫారం ఎంత మంచిదైనా, భయంతో నింపితే తప్పే చెప్తది.

ఇంకో మాట. ఇది జల్లెడ మాత్రమే, తీర్పు కాదు. జబ్బు లేనివాళ్లను కూడా చాలామందిని పట్టుకుంటది. పైగా మన దగ్గర బీఎంఐ 35 లేకున్నా స్లీప్ ఆప్నియా వస్తది. ఎప్‌వర్త్ స్కేలు అని 1991 నాటిది ఇంకొకటుంది, 24కి 10 దాటితే నిద్రమత్తు ఎక్కువున్నట్టు. కానీ షిఫ్టులు చేసేవాళ్లకు ఆప్నియా లేకున్నా అంత రావచ్చు.

అందుకే చికిత్స కావాలో వద్దో తేల్చేది స్లీప్ స్టడీ, డాక్టర్. ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు ఎన్నిసార్లో లెక్కిస్తరు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. బాపుకి 34 వచ్చింది. ఇప్పుడు సీప్యాప్ మాస్కు పెట్టుకుంటున్నడు. గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా చూస్తది. మొదటి వారం తిట్టుకున్నడు, ఇప్పుడు అమ్మ కూడా నిద్రపోతున్నది.

నిద్రమత్తులో డంపర్ నడిపితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఈ ఫారం నింపేటప్పుడు మీ పక్కన పడుకునే మనిషిని కూర్చోబెట్టుకోండి. వాళ్లకు తెలిసింది మీకు తెల్వదు. మళ్లీ కలుద్దాం.