శాలువా సరే, బాట ఏదీ?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బౌలింగ్ అంటే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. నేను మాట్లాడేది అది కాదు. అరవై అడుగుల చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లించి, చివరనున్న పది పిన్నుల్ని పడగొట్టే ఆట. అమెరికాలో సారా దుకాణాల నీడన పెరిగింది కనుక ‘మర్యాదస్తులైన’ ఆడవాళ్లు అటు వెళ్లకూడదనేవారు.

1895లో పుట్టిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ మగవాళ్ల సంఘం. 1916లో సెయింట్ లూయిస్‌లో 40 మంది స్త్రీలు తమ సంఘం తామే పెట్టుకున్నారు. దాని సభ్యత్వం ఒకప్పుడు 40 లక్షలు దాటింది. మగవాళ్లు 1941లో హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెడితే, వీళ్లు 1953లో తమది మొదలుపెట్టారు. ఎవరో గుర్తిస్తారని ఎదురుచూడలేదు.

అందులో ఎవరున్నారు? ముప్పై అయిదేళ్ల వయసులో ఆట మొదలుపెట్టి, 1927లో జిమ్మీ స్మిత్ అనే మేటి ఆటగాణ్ణి ఓడించిన గృహిణి ఫ్లోరెట్టా మెకచియన్ ఉంది. 1951 ఆల్‌స్టార్ పోటీలో ఎనిమిది ఆటలకు సగటున 247కు పైగా సాధించి, ఆరోజు ఆడిన మగవాళ్లందరినీ దాటేసిన మారియన్ లాడెవిగ్ ఉంది. నాకు మరీ నచ్చినది మరొకటి. 1927 నుంచి 1965 దాకా సంఘం కార్యదర్శిగా పనిచేసిన ఎమ్మా ఫేలర్‌కూ అక్కడ చోటుంది. ఉత్తరాలు రాసి, లెక్కలు చూసేవాళ్లకు మన సంఘాల్లో ఏపాటి గుర్తింపు ఉందో మీకు తెలియంది కాదు.

అయితే ఈ సంఘం కూడా 1950 వరకు తెల్లజాతి స్త్రీలకే. లూయిస్ ఫుల్టన్ అనే నల్లజాతి స్త్రీ ప్రొఫెషనల్ టైటిల్ గెలిచేసరికి 1964 వచ్చింది. తలుపు మూసి ఉన్న ఏళ్లలో ఎంతమంది ఆడకుండానే మిగిలిపోయారో ఏ హాలూ చెప్పదు.

ఒక మార్చి 8న, నేను పనిచేసిన విద్యాసంస్థలో నాకు శాలువా కప్పారు. ఆ వేసవిలోనే నా తాత్కాలిక ఉద్యోగం పొడిగించలేదు. శాలువా ఇంకా బీరువాలో ఉంది. అందుకే ఈ కథలో తర్వాతి భాగం నన్ను పట్టుకుంది.

స్త్రీల ప్రొఫెషనల్ సంఘం 1960లో ఏర్పడింది. 1995లో దానికీ ఒక హాల్ ఆఫ్ ఫేమ్ వచ్చింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 2003లో, డబ్బు లేక టూరే ఆగిపోయింది. గోడమీద పేర్లున్నాయి, ఆడి బతకడానికి పోటీలు లేవు. 2005లో స్త్రీ పురుషుల సంఘాలు ఒకటయ్యాయి. కానీ అది ప్రొఫెషనల్ ఆటగత్తెల జీవిక సమస్యను తీర్చలేదు.

పురుషుల ప్రొఫెషనల్ సంఘం 2004లో స్త్రీలకు సభ్యత్వం ఇచ్చింది. 2010 జనవరిలో కెల్లీ కూలిక్ వాళ్ల టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్ ఫైనల్లో క్రిస్ బార్న్స్‌ను 265–195తో ఓడించింది. ఆనాటికి స్త్రీలకంటూ అరకొర పోటీలే ఉన్నాయి. వాళ్ల సొంత టూర్ మళ్లీ మొదలవడానికి 2015 దాకా ఆగాల్సివచ్చింది.